గాలి కడిగిన ఎండాకాలం

ఆ రోజుల్లో నేను గాలిని నమ్మేదాన్ని కాదు. మనుషుల్ని నమ్మేదాన్ని, బస్సుల టైముల్ని నమ్మేదాన్ని, చివరికి ముక్కూ మొహం తెలియనివాళ్లు ఫోన్లో పెట్టే వీడియోలను కూడా నమ్మేదాన్ని. ఒక్క గాలిని మాత్రం నమ్మేదాన్ని కాదు. ఇరవై రెండేళ్ల వయసులో నా ఈడువాళ్లంతా గాలిలో తేలుతుంటే, నేను ఆ గాలిలో ఇంకా ఏమేం తేలుతున్నాయో లెక్కపెడుతూ కూర్చున్నాను. (చాలానే తేలుతుంటాయి. తెలియకపోవడమే ఆరోగ్యం.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావాలి. వస్తుంది కూడా. కాకపోతే నవ్వు కంటే ముందు ఒక ఆవులింత వస్తుంది. ఆ ఎండాకాలం నాటి అలసట ఒంట్లో ఏ మూలో ఇంకా అలాగే ఉండిపోయినట్టుంది.

మాది జనగామ. సైన్సు డిగ్రీ పూర్తిచేసి, పూర్తిచేసిన తర్వాత ఏం చేయాలో ఆ డిగ్రీలో ఎక్కడా చెప్పలేదని గ్రహించి ఇంట్లో కూర్చున్నాను. అప్పుడు మహబూబాబాద్‌లో పుట్టగొడుగుల పెంపకం మీద మూడు రోజుల శిక్షణ ఉందని ఎవరో చెప్పారు. మధ్యాహ్నం భోజనం కూడా పెడతారన్నారు. వెళ్లాను. అక్కడ నా పక్క కుర్చీలో కూర్చున్నావిడ కొత్తగూడ దగ్గరి తండా నుంచి వచ్చింది, నాకంటే పదేళ్లు పెద్ద. శిక్షణ ఇచ్చే సారు తడబడ్డ చోటల్లా ఆవిడే మెల్లగా అందిస్తోంది. అప్పటికే రెండేళ్లుగా గడ్డి సంచుల్లో పుట్టగొడుగులు పెంచుతోందట. "మరి నువ్వెందుకొచ్చావు అక్కా?" అంటే నవ్వింది. "పెంచుడు నాకు ఎర్కే చెల్లే. విత్తనంతోనే పరేషాన్ అయితున్న. పట్నంల బస్సెక్కిస్తరు, గీడికొచ్చేసరికి ఎండకు ఉడికి పులిసిపోతది. నువ్వు సదువుకున్నదానివి గద, గా విత్తనమేదో నువ్వే చెయ్యరాదు?" అంది.

చదువుకున్నదానివి అన్న మాట అంటే ఆ వయసులో నాకు చాలా బలహీనత. వానలు పడేలోపు ఇరవై పాకెట్లు చేసి ఇస్తానని అక్కడికక్కడే మాటిచ్చేశాను.

పుట్టగొడుగు విత్తనం అంటే గింజ కాదు. జొన్నలు సగం ఉడికించి, సీసాల్లో నింపి, మూతికి దూది బిగించి, కుక్కర్లో రెండు గంటలు ఆవిరి పట్టిస్తే వాటిలో బతికున్నది ఏదీ మిగలదు. చల్లారాక మూతి తెరిచి, పుట్టగొడుగు తాలూకు తెల్లటి దారపు పోగులున్న తల్లి విత్తనాన్ని చిటికెడు అందులో వేయాలి. రెండు మూడు వారాల్లో ఆ పోగులు జొన్నలంతా అల్లుకుని సీసా తెల్లగా వెన్నముద్దలా అవుతుంది. చెప్పడానికి ఇంతే. చిక్కంతా మూతి తెరిచిన ఆ అర నిమిషంలో ఉంది. పిలవని పెళ్లికి వచ్చినట్టు గాలిలోని బూజు అంతా ఆ అర నిమిషంలోనే లోపలికి పోయి, మనం వేసిన పోగుల కంటే ముందు పంక్తిలో కూర్చుంటుంది. కాబట్టి ఆ అర నిమిషం పాటు, ఆ జానెడు చోటులో, శుభ్రమైన గాలి కావాలి.

బాపు, అంటే మా నాన్న, రైసు మిల్లులో గుమస్తా. ఆయన అప్పటికే నా కోసం ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరు పని మాట్లాడిపెట్టాడు. నేను విత్తనాల సంగతి చెబితే కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, "బడి తెరిసేదాక నీ ఇష్టం బిడ్డా. గా అక్కకు ఇరవై పాకెట్లు మంచియి ఇచ్చినవనుకో, బడోళ్లకు నేను చెప్పుకుంట. ఇయ్యలేదనుకో, చీర గట్టుకొని బడికి పోవాలె. మల్ల ఏడ్వద్దు" అన్నాడు.

"ఏడ్వను బాపూ," అన్నాను. (ఈ మాట ఎంతవరకు నిలబెట్టుకున్నానో అడగొద్దు.)

మొదటి విడత వంటింటి గట్టు మీద చేశాను. వీడియోలో చూపినట్టే స్పిరిటుతో చేతులు తుడుచుకుని, స్పిరిటు దీపం వెలిగించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. నాలుగో రోజుకి సీసాల్లో రంగులు మొదలయ్యాయి. ఒకదానిలో పచ్చ, ఒకదానిలో నలుపు, ఒకదానిలో నారింజ. తెలుపు మాత్రం లేదు. అమ్మ ఒక సీసాను వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "గీ పచ్చ మంచిగున్నదే. గిసొంటి రంగుల చీర కోసం నేను బజారంత తిరిగిన" అంది. బొగ్గు గనుల ఊరు భూపాలపల్లిలో ఉండే మేనమామకు ఫోనులో గోడు చెప్పుకుంటే ఆయన పగలబడి నవ్వాడు. "మా తాన మొకం తుడ్సుకుంటే తువ్వాల నల్లగైతది. మేం దులుపుకొని బువ్వ తింటున్నం. నువ్వేమో గాలిని కడుగుత అంటున్నవ్. కడిగినంక ఎక్కడ ఆరేస్తవ్ బిడ్డా?"

రెండో విడతకు వీడియోలో చూసి ఒక పెట్టె తయారుచేశాను. గాలిని శుభ్రం చేయలేకపోతే కనీసం కదలకుండా చేయాలి, కదలని గాలిలో ధూళి కిందికి దిగుతుంది, ఇదీ దాని సూత్రం. అమ్మ చలికాలం బొంతలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బాను బోర్లించి, ముందువైపు చేతులు పట్టేలా రెండు కంతలు చేశాను. (బొంతలు ఆ తర్వాత ఎక్కడున్నాయో అమ్మ ఇప్పటికీ గుర్తుచేస్తుంటుంది.) కానీ గాలి కదలకూడదంటే ముందు ఇంట్లో ఫ్యాను తిరగకూడదు. ఏప్రిల్ నెల, జనగామ, ఫ్యాను బందు! రోజూ పొద్దున ఒక గంటసేపు తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, మా ఇంటి గాలిని స్తంభింపజేసేదాన్ని. గాలితో పాటు మా ఇల్లు కూడా స్తంభించేది. "పుట్టకొక్కులకేమో సల్లగుండాలె, కన్నోళ్లేమో ఉడుకాలె," అని అమ్మ కొంగుతో విసురుకుంటూ బయటి గడప మీద కూర్చునేది. బాపు నా గది ముందు నుంచి పోయేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. దాటాక ఒక్కసారిగా వదిలేవాడు. ఆ వదలడంతో అంతవరకు దిగిన ధూళంతా మళ్లీ లేచేది.

ఆ పెట్టెలో పన్నెండు సీసాలు చేస్తే నాలుగు తెల్లగా అల్లుకున్నాయి, అవి తర్వాతి విడతలకు తల్లి విత్తనానికే సరిపోయాయి. ఎవరైనా నిదానంగా ఆలోచించేవాళ్లయితే ఇంకో నాలుగుసార్లు అదే పని ఓపికగా చేసేవాళ్లు. నాకు అప్పటికే చెమటకు ఓపిక కారిపోయింది. అసలైన యంత్రం కావాలనిపించింది. వెనక నుంచి పంకా గాలిని తోస్తుంటే, మధ్యలో దళసరి ఫిల్టరు దాన్ని వడకడితే, ముందువైపు నుంచి కడిగిన ముత్యంలాంటి గాలి నా చేతుల మీదికి రావాలి. కొన్న యంత్రం మాకు అందేది కాదు. ఫిల్టరు ఒక్కటి హైదరాబాద్ నుంచి తెప్పించుకుని, మిగతాది చేయించుకుందామని మా వీధి చివర కూలర్లు చేసే చాచా దగ్గరికి వెళ్లాను.

చాచా రేకు వంచితే కాగితం వంచినట్టుండేది. జనగామలో సగం ఇళ్ల కిటికీలకు ఆయన చేసిన కూలర్లే వేలాడేవి. నేను నోటుపుస్తకంలో గీసిన బొమ్మను ఆయన నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చూశాడు.

"గిది కూలరే కద బేటా?"

"కాదు చాచా. ఇందులో నీళ్లుండవు. గాలి మాత్రమే."

"నీళ్లుండయా? ఖాళీ హవానా?" ఆయన ముఖంలో ఉప్పు లేని పప్పు తినమన్నంత బాధ కనిపించింది. "మే నెలల నువ్వు దీని ముంగట ఎంతసేపు కూసుంటవ్?"

"రోజుకు రెండు మూడు గంటలు."

"యా అల్లా," అన్నాడు. బొమ్మను ఇంకోసారి తిప్పి చూసి, "సరే, నువ్వు పరేషాన్ గాకు. వెనక సంగతి నాకిడిసిపెట్టు," అన్నాడు. వెనకవైపు పెద్ద దుమ్మును ఆపడానికి ఏదైనా మందంగా పెట్టమని చెప్పాను. "పెడ్త బేటా, మస్తు మందంగ పెడ్త," అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

బడి పెద్దసారు నన్ను ఒకసారి చూస్తానంటే బాపు వెంట వెళ్లిన రోజు, చాచా ఆ పెట్టెను తెచ్చి మా ఇంట్లో బిగించి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి మధ్య గది కిటికీకి వీపు ఆనించి నీలం రంగు రేకు పెట్టె కూర్చుని ఉంది. ముందువైపు నా ఫిల్టరు తెల్లగా, బుద్ధిగా ఉంది. స్విచ్చి వేశాను. అగరుబత్తి వెలిగించి ముందు పెడితే పొగ వంకర లేకుండా తిన్నగా నా వైపు వచ్చింది. పుస్తకంలో చెప్పినట్టే! అన్నిటినీ మించి ఆ గాలి చల్లగా ఉంది. మామూలు చల్లదనం కాదు, తొలకరి పడ్డ పొలం గట్టు మీద కూర్చున్నట్టు. దానికి ఒక మెత్తటి పచ్చిగడ్డి వాసన కూడా ఉంది. నేను కళ్లు మూసుకుని, జీవితంలో మొదటిసారి శుభ్రమైన గాలి పీల్చాను.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ రోజు పేజీలో నా చక్కటి దస్తూరీతో ఇలా రాసి ఉంది: "శుభ్రమైన గాలి సహజంగానే చల్లగా ఉంటుందని గమనించాను. వేడిని పట్టి ఉంచేది బహుశా ధూళి కణాలే కావచ్చు." కింద రెండు గీతలు. నాది ఫస్టు క్లాసు డిగ్రీ.

వారం రోజులు మా ఇంట్లో పండగలా ఉంది. నేను పనికి కూర్చుంటే చాలు, బాపు పేపరు పట్టుకుని నా పక్కనే చేరేవాడు. అమ్మ కూరగాయలు తరగడం నా వెనకకు మార్చింది. పక్కింటామె కూడా, "పాపం పిల్ల ఒక్కతే కష్టపడ్తున్నది," అంటూ వచ్చి కూర్చునేది. నా పని మీద అందరికీ ఒక్కసారిగా గౌరవం పెరిగిందని మురిసిపోయాను. ముప్పై సీసాలు చేశాను. ముప్పై! కొత్తగూడ అక్కకు ఫోన్ చేసి, "ఇరవై కాదు అక్కా, ముప్పై తీసుకో," అని గొప్పగా చెప్పాను.

ఆ వారం తిరిగేసరికి ఒక్కటీ తెల్లగా లేదు. ముప్పైకి ముప్పై పచ్చబూజు, నల్లబూజు. ఇంతకు ముందైతే పన్నెండింటిలో నాలుగైనా మిగిలాయి. గాలి కడిగి పెడితే అవీ పోయాయి! తెల్లవారి లేచి, ఎవరూ చూడకముందే ఆ సీసాలను ఇంటి వెనక పారబోద్దామని బుట్టలో వేసుకుని పెరట్లోకి వెళ్లాను. అక్కడ కిటికీ దగ్గర అమ్మ స్టూలు ఎక్కి నిలబడి ఉంది. చంకలో నీళ్ల బిందె.

"ఏం జేస్తున్నవ్ అమ్మా?"

"కనవడ్తలేదా? నీళ్లు వోస్తున్న."

"దేంట్ల?"

"గీ కూలర్ల."

"అది కూలర్ కాదమ్మా!"

అమ్మ బిందె దించి, నన్ను జాలిగా చూసింది. "కాకపోతే సల్లగాలి ఎట్లొస్తున్నదే మరి? నువ్వే చెప్పు, సదువుకున్నదానివి."

నా దగ్గర జవాబు ఉంది, నోటుపుస్తకంలో, కింద రెండు గీతలతో సహా.

అమ్మ మొత్తం చెప్పింది. పెట్టె వెనకభాగంలో కూలరు గడ్డి ఉంది. నేను అడిగినట్టే, మస్తు మందంగా. దాని మీదికి నీళ్లు చిమ్మే చిన్న మోటరు ఉంది. నీళ్లు పోయడానికి కిటికీ అవతల ఒక మూత ఉంది. "పొద్దుగాల ఓ బిందె, పగటీలి ఓ బిందె పొయ్యి భాభీ, పిల్లకు చెప్పకు, చెప్తే వద్దంటది," అని చాచా అమ్మకు అప్పగించి వెళ్లాడట. ఈ సంగతి బాపుకు తెలుసు. పక్కింటామెకు తెలుసు. ఆ గాలి ముందు కూర్చున్నవాళ్లలో తెలియనిది నాకొక్కదానికే. అసలు ఎవరూ చెప్పకపోయినా నాకు తెలియాల్సింది. జనగామలో ఏ కిటికీకి ఏ రేకు డబ్బా వీపు ఆనించి కూర్చున్నా అది కూలరు కాక మరేమవుతుంది? పగలంతా తడిసిన గడ్డి మీదుగా వచ్చిన గాలితో ఫిల్టరు నాని, అక్కడక్కడ నల్లచుక్కలు వేసింది. గాలిని శుభ్రం చేయాల్సిన యంత్రం వారం రోజులుగా శ్రద్ధగా బూజును పెంచి, తిన్నగా, వంకర లేకుండా నా సీసాల్లోకి ఊదింది. ఇదీ నేను మొదటిసారి పీల్చిన శుభ్రమైన గాలి.

బుట్ట అక్కడే పెట్టి, ఆ పెరటి మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ బిందె పక్కన పెట్టి నా పక్కన కూర్చుంది. "నీ చెమటలు చూడలేకనే పోసిన బిడ్డా," అంది. అప్పుడు ఇంకా ఏడుపొచ్చింది.

చాచా కబురందగానే పరుగున వచ్చాడు. ఫిల్టరు విప్పి చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన మీద అరవాలని ఆయన వచ్చేలోపు కూడగట్టుకున్న మాటలన్నీ ఆ టోపీ తీయడంతోనే పోయాయి.

"మాఫ్ జెయ్యి బేటా. నీళ్లు లేకుంట చేద్దామనే కూసున్న, కసమ్. డబ్బా అయినంక మోటరు ఆన్ జేసి నా మొకానికి పెట్టుకున్న. వేడి గాలి కొట్టింది. ముప్పై ఏండ్లసంది గీ చేతులతోని చేసిన డబ్బా ఏదీ మనిషికి వేడి గాలి కొట్టలే. ఎట్ల ఇచ్చి పంపుదు నీకు?"

ఏమని కోప్పడతారు చెప్పండి? బడి తెరవడానికి ఇంకా నాలుగు వారాలు కూడా లేవు. కొత్త ఫిల్టరు తెప్పించుకునే తీరిక, స్తోమత రెండూ లేవు. నేను ముక్కు తుడుచుకుని, "చాచా, గాలి అసలే ఆడని డబ్బా ఒకటి చేసిస్తావా?" అని అడిగాను.

"గాలి ఆడని డబ్బానా?" ఆయన గుండె మీద చేయి పెట్టుకున్నాడు. "నన్నా అడిగేది? బజార్ల ఎవలకన్న తెలిస్తే నా దుకాణం బందు వెట్టుకోవాలె."

కానీ చేశాడు. రెండు రోజుల్లో, ముందు ఏటవాలుగా అద్దం, సందు లేకుండా బిగించిన మూలలు, చేతులు దూర్చే కంతలకు ఆయన భార్య చాచీ కుట్టిన గుడ్డ తొడుగులు. నా బొంతల డబ్బా దాని ముందు నిలబడలేదు. దించుతూ దించుతూ అమ్మ వైపు తిరిగి, "భాభీ, దీంట్ల నీళ్లు పొయ్యొద్దు, నీ కాల్మొక్త," అన్నాడు.

మళ్లీ ఫ్యాను బందు. మూడు పొద్దులు తలుపులు బిగించుకుని, చెమట చుక్క సీసాలో పడకుండా తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక్కో సీసా మూతి తీసి, పోగులు వేసి, మూసి, ఊపిరి తీసుకున్నాను. బయట వేపచెట్టు నీడలో అమ్మ, బాపు, చాచా ముగ్గురూ తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట కూర్చున్నవాళ్లలా ఉన్నారని తర్వాత పక్కింటామె చెప్పింది. సీసాలను లోపలి చీకటి గదిలో తడి గోనెసంచుల మధ్య పెట్టి రోజులు లెక్కపెట్టాను. ఎవరూ ఆ గదిలోకి తొంగిచూడలేదు. బాపు మాత్రం రోజూ మిల్లు నుంచి రాగానే చెప్పులు విడుస్తూ, "తెల్లగైనయా?" అనేవాడు.

బడి తెరిచే ముందు ఆదివారం నాటికి పదమూడు తెల్లగయ్యాయి.

వెన్నముద్దల్లాంటి పదమూడు. వాటిని పాకెట్లలోకి మార్చి, బుట్టలో వరిగడ్డి మధ్య పేర్చుకుని, బస్సులు మారి మారి కొత్తగూడ చేరాను. అక్క ఒక్కో పాకెట్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ముప్పై అంటివి?" అంది. "పదమూడే అక్కా," అన్నాను. ఆవిడ అన్నం పెట్టింది.

ఇంటికొచ్చాక బాపు నన్ను కూర్చోబెట్టుకున్నాడు. "పదమూడంటే ఇరవైకి జర తక్కువ, అంతే గద బిడ్డా. బడోళ్లకు నేను చెప్పనా?" అన్నాడు. ఆయన కళ్లజోడు మళ్లీ తుడుస్తున్నాడు. మాట తప్పేది ఆయనే అన్నట్టు అటువైపు చూస్తున్నాడు. నేను ఒక్క మాట "చెప్పు బాపూ" అంటే అయిపోయేది.

అనలేదు. మాట మీద నిలబడ్డానని ఊళ్లో చెప్పుకున్నారు. నిజం ఏమిటంటే నాకు నిలబడే ఓపికే లేదు. బడిలో కుర్చీలుంటాయని, సీసాలుండవని, పిల్లలకు బూజు పడితే అది నా తప్పు కాదని అనిపించింది. సోమవారం చీర కట్టుకుని వెళ్లాను. ఏడవ తరగతి పిల్లలకు మొదటి పాఠం చెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా నిద్రపోయాను. మూడు నెలల్లో అంత సుఖంగా ఎప్పుడూ నిద్రపోలేదు.

రెండో వారం చివర్లో, స్టాఫ్ రూములో చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. కొత్తగూడ అక్క. ఇప్పుడు నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు ఈ కథ చెప్పేటప్పుడు, ఆ ఫోన్ కోసం నేను ఎంత ఆత్రంగా ఎదురుచూశానో చెబుతుంటాను. అది అబద్ధం. తెరమీద ఆవిడ పేరు చూడగానే నేను మనసులో మొక్కుకున్నది ఒక్కటే: ఆ పదమూడూ చెడిపోయి ఉండాలని. చెడిపోతే ఇక ఎవరూ ఏమీ అడగరు. నేను సైన్సు టీచరునై, సెలవుల్లో నిద్రపోయి, హాయిగా ముసలిదాన్ని కావచ్చు.

"చెల్లే," అంది అక్క, వెనక ఎవరితోనో వాళ్ల భాషలో ఏదో చెబుతూ, నవ్వుతూ. "గడ్డి సంచులు మొత్తం తెల్లగ అల్లుకున్నయ్. ఒక్కటి గూడ ఖరాబ్ గాలే. మల్లా ఎప్పుడిస్తవ్?"

బడిలో ఉన్నానని చెప్పాలి. వారమంతా పిల్లలే సరిపోతారని చెప్పాలి. అలసిపోయాను అక్కా అని చెప్పాలి. ఇవన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి. అంతలో నా గొంతుతోనే ఎవరో, "ఆదివారం ఆదివారం చేస్తా అక్కా," అన్నారు.

ఆ తర్వాత ఆరేళ్లు, వారానికి ఆరు రోజులు బడి, ఏడో రోజు జొన్నలు. ఏడో ఏట బడి మానేశాను. ఇప్పుడు నీళ్లు పోయనక్కర్లేని అసలు సిసలు యంత్రం ముందు కూర్చుంటున్నాను, వారానికి ఏడు రోజులూ. ఆనాడు స్టాఫ్ రూములో చాయ్ గ్లాసు పట్టుకుని నా బదులు మాటిచ్చిన ఆ అమ్మాయి ఎవరో నాకు సరిగా తెలియదు. ఎదురుపడితే ఒక్కమాట కూడా అననులెండి. పాపం, దానికీ తెలియక అంది. కాస్త పక్కకు జరిగి చోటిచ్చి, ఒక్క ఆదివారమైనా పడుకోనిచ్చేదాన్ని.